డిశ్చార్జి చీటీలో చివరి వరుస

సంపాదకులకు నమస్కారం.

నేను నల్లగొండ జిల్లాలో ముప్పై ఏళ్లకు పైగా ఏఎన్ఎంగానూ, ఆ తర్వాత ఆరోగ్య పర్యవేక్షకురాలిగానూ పనిచేసి పదవీ విరమణ చేసినదాన్ని. గత నెలలో మా చెల్లెలి మనవరాలు జిల్లాలోనే ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో ఆపరేషన్‌తో ప్రసవించింది. ఇంటికి తెచ్చిన డిశ్చార్జి చీటీని అలవాటు కొద్దీ చేతిలోకి తీసుకుని చదివాను. నొప్పి మాత్రలు, యాంటీబయాటిక్, ఐరన్, కాల్షియం వరుసగా రాసి, అన్నిటికంటే కింద, అదే చేతిరాతతో ఒక పాలపొడి పేరు, దాని పక్కన ‘30 ఎం.ఎల్., రెండు గంటలకోసారి’ అని ఉంది. బిడ్డ నెలలు నిండి పుట్టింది, బరువు 2 కిలోల 900 గ్రాములు, తల్లికి ఏ జబ్బూ లేదు. మరి ఎందుకు రాశారని అడిగితే, ‘‘రెండో రాత్రంతా ఏడ్చింది అమ్మమ్మా, నీకు పాలు పడ్తలేవు, పొడి పాలు పట్టమని సిస్టర్ చెప్పింది’’ అంది. ఆస్పత్రి కింద ఉన్న మందుల దుకాణంలో ఆ ఒక్క కంపెనీ డబ్బాలే ఉన్నాయట.

ఆ వరుసను వైద్య సలహా అనుకోవాలా, ప్రకటన అనుకోవాలా అన్న ప్రశ్నే నా చేత ఈ ఉత్తరం రాయిస్తోంది.

పాలపొడి ప్రకటనలపై మన దేశంలో చట్టం లేకపోలేదు. 1981 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాల సభ పాలపొడి అమ్మకాలకు అంతర్జాతీయ నియమావళిని ఆమోదించినప్పుడు 118 దేశాలు అనుకూలంగా ఓటు వేయగా, అమెరికా ఒక్కటే వ్యతిరేకించింది. ఆ నియమావళిని అనుసరించి మన పార్లమెంటు 1992లో చేసిన చట్టం 1993 ఆగస్టు 1 నుంచి అమలులోకి వచ్చింది. 2003లో దాన్ని సవరించి మరింత బిగించారు. రెండేళ్ల లోపు పిల్లల పాలపొడికి, శిశు ఆహారాలకు, పాలసీసాలకు ఏ రూపంలోనూ ప్రకటనలు ఇవ్వరాదు, తల్లులకు ఉచితంగా నమూనా డబ్బాలు పంచరాదు, ఆస్పత్రుల్లో పోస్టర్లు పెట్టరాదు, వైద్య సిబ్బందికి కానుకలు గానీ, వారి సదస్సులకు డబ్బు గానీ ఇవ్వరాదు, డబ్బా మీద తల్లి బొమ్మ, బిడ్డ బొమ్మ వేయరాదు. అమ్మకాన్ని మాత్రం చట్టం ఎక్కడా నిషేధించలేదు. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో మా ఆరోగ్య కేంద్రం గోడకు బొద్దుగా ఉన్న పాపాయి బొమ్మతో ఒక పాలపొడి క్యాలెండరు వేలాడుతుండేది. దాని కిందే కూర్చుని నేను గర్భిణులకు తల్లిపాల గొప్పతనం చెప్పేదాన్ని. అందులో తప్పేముందో అప్పట్లో నాకూ తోచలేదు.

క్యాలెండర్లు పోయాయి. ప్రకటన మాత్రం గోడ దిగి సిస్టర్ నోట్లోకి, డాక్టరు కలంలోకి చేరింది. గోడ మీది బొమ్మను తల్లి చూసీ చూడనట్టు వదిలేయగలదు గానీ, కుట్ల నొప్పితో పక్క మీద నుంచి లేవలేని రెండో రాత్రి, బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే తెల్లకోటు వేసుకున్న మనిషి చెప్పిన మాటను ఎలా కాదంటుంది? మొదటి రోజుల్లో బిడ్డ కడుపుకు ఒక్కోసారికి ఒకటి రెండు చెంచాల ముర్రుపాలే చాలు. పాలు ధారగా పడటానికి మామూలుగానే రెండు మూడు రోజులు పడుతుంది, ఆపరేషన్ అయితే ఇంకొంచెం ఆలస్యమవుతుంది. బిడ్డ ఎంత చప్పరిస్తే తల్లికి అంత పాలు ఊరతాయి. ఈలోపు సీసాతో 30 ఎం.ఎల్. పడితే బిడ్డ మత్తుగా నిద్రపోతుంది, రొమ్ము పట్టదు, పట్టకపోతే పాలు తగ్గుతాయి. అంటే ‘నీకు పాలు పడ్తలేవు’ అన్న మాట మొదట అబద్ధమే అయినా, వారం తిరిగేసరికి డబ్బా దాన్ని నిజం చేసి పెడుతుంది. ఇంకే సరుకుకూ ఇంతటి సౌకర్యం లేదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత లెక్కల ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్లే, ప్రైవేటు ఆస్పత్రుల్లోనైతే 81.5 శాతం. పుట్టిన గంటలోపు తల్లిపాలు అందుతున్న బిడ్డలు నూటికి 37 మందే. పాలపొడి అమ్మేవారికి ఇంతకంటే అనువైన రాష్ట్రం దొరకడం కష్టం.

మా జిల్లాకు ఇంకో బాధ కూడా ఉంది. మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి వంగిపోయిన నడుములను, వంకర తిరిగిన కాళ్లను చూస్తూనే నా ఉద్యోగమంతా గడిచింది. మిషన్ భగీరథ నల్లాలు వచ్చాక పరిస్థితి చాలా మారిన మాట నిజమే కానీ, నల్లా రాని రోజున బోరింగు దగ్గరకు వెళ్లే ఇళ్లు ఇంకా ఉన్నాయి. తల్లి ఫ్లోరైడ్ నీళ్లే తాగినా ఆమె పాలలోకి ఫ్లోరైడ్ దిగేది చాలా స్వల్పం. అదే నీళ్లలో పొడి కలిపితే మొత్తం బిడ్డ కడుపులోకే పోతుంది. మరిగిస్తే సూక్ష్మక్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు, పైగా నీరు ఇగిరిన కొద్దీ చిక్కబడుతుంది. ఈ సంగతి ఏ డిశ్చార్జి చీటీలోనైనా రాయగా నేను చూడలేదు.

ఖర్చు మాట చెప్పనే అక్కర్లేదు. 400 గ్రాముల డబ్బా ధర 400 రూపాయలు దాటింది. పూర్తిగా దాని మీదే పెరిగే రెండు మూడు నెలల బిడ్డకు అది నాలుగైదు రోజులకు మించి రాదు, అంటే నెలకు ఆరేడు డబ్బాలు. దేవరకొండ వైపు ఒక తండాలో, తల్లి పత్తి ఏరడానికి వెళ్లగా నాయనమ్మ సీసా నిండా నీళ్లు పోసి, అందులో ఒకే ఒక్క కొలత చెంచా పొడిని, అదీ అంచుతో గీసి సమం చేసి వేయడం నేను కళ్లారా చూశాను. ఆ సీసాకు ఎనిమిది చెంచాలు పట్టాలి. ‘‘గింతేస్తేనే నెలకొస్తది సిస్టరమ్మా’’ అంది. ఆమె లెక్క ఆమెకు సరిగానే ఉంది. నాలుగు నెలలు దాటిన ఆ బిడ్డ బరువు నాలుగు కిలోలు కూడా లేదు.

పాలపొడే విషమని నేను అనడం లేదు. తల్లి చనిపోయిన బిడ్డకు, కొన్ని జబ్బుల్లో, కొన్ని మందులు వాడక తప్పనప్పుడు అది ప్రాణాధారం. నా చేతుల మీదుగానే అలాంటి పిల్లలు బతికారు. ఇష్టంతోనో అవసరంతోనో డబ్బాపాలు పట్టే తల్లిని నిందించే హక్కు కూడా ఎవరికీ లేదు. పత్తి చేలోకి వెళ్లకపోతే పూట గడవని ఆమెకు 26 వారాల ప్రసూతి సెలవు చట్టం వర్తించదు కదా. నా అభ్యంతరమల్లా, అవసరం లేని చోట అవసరాన్ని పుట్టించి, ఆ పనికి వైద్యం మీద జనానికి ఉన్న నమ్మకాన్ని వాడుకోవడం మీదే.

ఇప్పుడు ఫోను కూడా తోడైంది. మా మనవరాలి ఫోనులో అయిదో నెల నుంచే గర్భిణుల పాలపొడి, రెండేళ్లు దాటిన పిల్లల పాలపొడి వీడియోలు వస్తున్నాయి. వాటి మీద నిషేధం లేదు, అయితే పసిబిడ్డల పాలపొడి డబ్బాకున్న అదే రంగు, అవే అక్షరాలు, అదే ఆకారం. అడ్డదారిన అందరికీ తెలిసిపోయేది ఏ డబ్బానో వేరే చెప్పాలా? పత్రికల ఆదివారం సంచికల్లో ‘నిపుణుల సలహా’ పేరుతో వచ్చే వ్యాసాల పక్కనే ఈ డబ్బాల బొమ్మలు కనిపిస్తుంటాయి. ప్రకటన ఇచ్చేవారినే కాదు, దాని ప్రచురణలో పాలుపంచుకునేవారిని కూడా చట్టం నిషేధిస్తోందని, మర్యాదకు లోటు రాకుండా, మీకూ గుర్తు చేస్తున్నాను.

ఉల్లంఘించినవారికి మూడేళ్ల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఆ జరిమానా సొమ్ముకు పట్టుమని పదమూడు డబ్బాలు రావు. పైగా కేసు న్యాయస్థానం దాకా వెళ్లాలంటే సాధారణంగా ప్రభుత్వం అధికారమిచ్చిన అధికారి గానీ, గుర్తించిన స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి గానీ రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. బాలింతకు నేరుగా ఆ దారి లేదు. కాబట్టి నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ కలెక్టర్లు తమ జిల్లాలో ఆ అధికారి ఎవరో, ఫోను నంబరు ఏమిటో ప్రతి ప్రసూతి వార్డు గోడ మీద, ప్రతి అంగన్‌వాడీ కేంద్రంలో రాయించాలని, మీ జిల్లా సంచికలో దాన్ని ప్రచురించాలని కోరుతున్నాను. పాలపొడి రాసే డాక్టరు ఏ కారణంతో రాశారో అదే చీటీలో ఒక్క వాక్యం రాయాలన్న నియమం పెడితే, చాలా చీటీల్లో ఆ చివరి వరుస దానంతట అదే మాయమవుతుంది.

మా మనవరాలి పక్కన నాలుగు రోజులు కూర్చుని, బిడ్డను సరిగ్గా రొమ్ముకు పట్టించడం నేర్పాను. తొమ్మిదో రోజుకు సీసా పక్కకు పోయింది. చీటీ నా దగ్గరే ఉంది. అధికారం ఉన్నవారెవరైనా అడిగితే ఆస్పత్రి పేరుతో సహా ఇస్తాను.

ఇట్లు,
విశ్రాంత ఆరోగ్య పర్యవేక్షకురాలు,
నల్లగొండ జిల్లా