ఈ ఎండాకాలం కూలర్లు ఎందుకు ఆలస్యమయ్యాయి, ట్రే ఎందుకు మారింది

మన కస్టమర్ అన్నలకు, అక్కలకు, పెద్దలకు నమస్తే.

ఉప్పు ట్రే (నీళ్లలోని లవణం పేరుకోకుండా చూసే ట్రే) ఉన్న కూలర్ కోసం అడ్వాన్స్ ఇచ్చినవాళ్లు రోజూ ఫోన్ చేస్తున్నారు. షెడ్డులో పిల్లలు "రేపొస్తది, ఎల్లుండొస్తది" అని చెబుతున్నట్టు నాకు తెలిసింది. ఇక అలా చెప్పొద్దన్నాను. జరిగిందేమిటో నేనే రాస్తున్నాను. మనకు ప్లాస్టిక్ ట్రేలు పోసిచ్చే ఆయన, మనం డబ్బు పెట్టి చేయించిన డైతోనే (అచ్చుతోనే) ట్రేలు పోసి వేరే కూలర్ల వాళ్లకు అమ్ముకున్నాడు. డై వెనక్కి తెచ్చుకున్నాం. ఆయన దగ్గర ఇక ఒక్క ముక్క కూడా కొనం. అందుకే కూలర్లు లేటయ్యాయి, అందుకే ఈసారి ట్రే స్టీలుది వస్తుంది.

కొత్తవాళ్ల కోసం ఆ ట్రే సంగతి కొంచెం చెప్పాలి. మన నల్గొండ నీళ్లు అనగానే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. కూలర్‌ను పాడుచేసేది మాత్రం ఫ్లోరైడ్ కాదు, బోరు నీళ్లలో కరిగి ఉండే కాల్షియం, మెగ్నీషియం లవణాలు. కూలర్ చల్లదనమంతా నీళ్లు ఆవిరి కావడంలోనే ఉంది. ఒక లీటరు నీళ్లు ఆవిరైతే సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి గాలిలోంచి పోతుంది. కానీ ఆవిరయ్యేది నీళ్లే, లవణం ట్యాంకులోనే ఉండిపోతుంది. ట్యాంకులో నీళ్లు తగ్గగానే ఫ్లోట్ తెరుచుకుని మళ్లీ బోరు నీళ్లు వస్తాయి, వాటితో ఇంకొంచెం లవణం వస్తుంది. పొయ్యి మీద పులుసు మరిగేకొద్దీ ఉప్పు ముదిరినట్టు ట్యాంకులో నీళ్లు ముదురుతాయి. హనీకోంబ్ ప్యాడ్ గళ్లలో తెల్లగా సున్నం పడుతుంది, గాలి తగ్గుతుంది. మే నెల రాకముందే "కూలర్ పనిచేయట్లేదు" అని మీరు మోసుకొస్తారు.

దీనికి మందు కొత్తదేం కాదు. ఫ్యాక్టరీల కూలింగ్ టవర్లలో ఎప్పటి నుంచో కొన్ని నీళ్లను బయటికి వదిలేస్తూ ఉంటారు, దాన్ని బ్లీడ్ ఆఫ్ అంటారు. లెక్క చాలా తేలిక. ఆవిరయ్యే నీళ్లలో సగమంత బయటికి వదిలితే, ట్యాంకులో లవణం బోరు నీళ్లకు మూడు రెట్ల దగ్గర ఆగిపోతుంది. అసలు వదలకపోతే అది పెరుగుతూనే ఉంటుంది. కానీ ఇంట్లో రోజూ ట్యాంకు కింద బిరడా తీసేదెవరు? ఇంటి పని, వంట, పిల్లల బడి అన్నీ అయ్యాక కూలర్ నీళ్లు మార్చే పని కూడా ఆడవాళ్ల మీదే పడుతుంది. మా అత్తమ్మ నడుం వంచి ట్యాంకు కడగడం చూసి చూసి నేను గీసిన ట్రే బొమ్మ ఇది. ప్యాడ్ మీద నుంచి తిరిగొచ్చే నీళ్లలో కొంత ఒక సన్న చీలిక గుండా చిన్న గిన్నెలో పడుతుంది. గిన్నె నిండగానే ఒక పక్కకు ఒరిగి ఆ నీళ్లను డ్రెయిన్ పైపులోకి పోసేసి, మళ్లీ తన చోటుకు వస్తుంది. కరెంటు అక్కర్లేదు. పంపు ఆగితే గిన్నె ఆగుతుంది కాబట్టి ఉత్త ఫ్యాన్ వేసుకున్నప్పుడు చుక్క నీరు వృథా కాదు. మీ నీళ్లు ఎంత గట్టివో, అంటే వాటిలో లవణం ఎంత ఉందో చూసి ఆ చీలికను పెద్దదో చిన్నదో చేసుకోవచ్చు.

ఒక్క కూలర్ కూడా అమ్మకముందే దీనికి పేటెంట్ దరఖాస్తు పెట్టాం. ముందు అమ్మి తర్వాత పెడితే కొత్తదనం పోయిందంటారని తెలుసు. మన రాష్ట్రం చెన్నై పేటెంట్ ఆఫీసు కిందికి వస్తుంది. ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో వేశాం. మామూలు మనుషులకు దరఖాస్తు ఫీజు 1,600 రూపాయలు. మొదట ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు పెట్టి, చట్టం ఇచ్చిన 12 నెలల్లోపే పూర్తి వివరాలతో మళ్లీ దాఖలు చేశాం. దరఖాస్తు నా పేరు మీద, మా ఆయన పేరు మీద కలిపి ఉంది. మోల్డింగ్ ఆయనకు డ్రాయింగ్ ఇచ్చేముందు, దీన్ని ఎవరికీ చూపించనని, ఈ డైతో వేరేవాళ్లకు పోయనని బాండ్ పేపర్ మీద సంతకం కూడా తీసుకున్నాం. డై బిల్లు మా పేరు మీదే ఉంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, "పేటెంట్ గింటెంట్ లేకుండానే బయటికి వదిలినట్టున్నారు" అని బజార్లో ఎవరో అన్నారట. అది నిజం కాదు.

విషయం బయటపడింది మన పాత కస్టమర్ ఒకాయన వల్ల. తన బావమరిది వేరే షాపులో కొన్న కూలర్‌ను నీళ్లు కారుతున్నాయని మన దగ్గరికి తెచ్చారు. ట్రే తిప్పి చూస్తే డ్రెయిన్ రంధ్రం పక్కన సన్న గీత కనిపించింది. ఆ గీత మన డైలోనే ఉంది, ఫిట్ చేసేటప్పుడు పడింది, మన ప్రతి ట్రే మీదా అచ్చు పడుతుంది. ఇంకో డైతో అదే గీత అదే చోట రాదు. మోల్డింగ్ ఆయనకు నేను ఫోన్ చేస్తే ముందు తెలియదన్నాడు, తర్వాత "అందరూ చేసేదే కదమ్మా" అన్నాడు. అది కూడా ఓర్చుకునేదాన్నేమో. కానీ ఆ కంపెనీవాళ్లకు "ఆ డిజైన్ నాదే, ఆమెకేం తెలుసు, ఆడమనిషి, నేనే గీసిచ్చిన" అని చెప్పాడట. అది వాళ్ల మనిషే మాకు చెప్పాడు. ఆ గిన్నె ఒరిగే కోణం కోసం ఎన్ని రేకు ముక్కలు కత్తిరించానో నా షెడ్డులో పనిచేసే ప్రతి ఒక్కరికీ తెలుసు. తర్వాత రేటు తగ్గిస్తానని, పాత లెక్క కూడా సర్దుకుంటానని రాయబారం పంపాడు. ఉచితంగా ఇచ్చినా వద్దన్నాను. వ్యాపారం తెలిసినవాళ్లు ఇది మొండితనం అన్నారు. అననివ్వండి.

కోర్టుకు పోవచ్చు కదా అని మీలో చాలామంది అడిగారు. బాండ్ పేపర్ ఉంది కాబట్టి ఒప్పందం తప్పినందుకు నోటీసు పంపాం, ఆ దారి వేరు. పేటెంట్ దారి మాత్రం అంత సూటిగా లేదు. నన్ను రాత్రుళ్లు నిద్రపోనివ్వని నిర్ణయం అక్కడే ఎదురైంది.

మామూలుగా దరఖాస్తును 18 నెలల తర్వాత ప్రచురిస్తారు. అప్పటిదాకా అందులో ఏముందో బయటివాళ్లకు తెలియదు. ప్రచురించిన రోజు నుంచి మనకు హక్కు లెక్కలోకి వస్తుంది, కానీ పేటెంట్ మంజూరు అయ్యేదాకా దావా వేయలేం. మంజూరు అయ్యాక ఆ ప్రచురణ తేదీ నుంచి జరిగిన కాపీకి నష్టపరిహారం అడగొచ్చు. అంటే ప్రచురణ ఎంత ముందు జరిగితే అంత మంచిది. అందుకోసం 2,500 కట్టి ముందస్తు ప్రచురణ అడగొచ్చు. కానీ ప్రచురిస్తే నా బొమ్మలన్నీ, కొలతల వివరణంతా ఎవరైనా పైసా ఖర్చు లేకుండా చదువుకోవచ్చు. ట్రే దొరకని ఊళ్లో ఉన్నవాడు కూడా కూర్చుని చేసుకోవచ్చు. దొంగ పడ్డ ఇంటికి నేనే తలుపులు బార్లా తీయాలా?

ఇంకో దారి కూడా ఉంది. ప్రచురణకు కనీసం మూడు నెలల ముందు దరఖాస్తు వెనక్కి తీసుకుంటే అది బయటికి రాదు. రహస్యంగా ఉంచుకుని చేసుకుందామని మా ఆయన అభిప్రాయం. మా ఆయన మీద నాకు గౌరవం ఉంది, కానీ ట్రే మూత తీస్తే కనబడే గిన్నెను రహస్యం అని ఎలా అంటాం? ఇదే సమయంలో ఒక పెద్ద డీలర్ మొత్తం హక్కులు ఒకేసారి కొంటానని వచ్చాడు. మా అప్పులన్నీ తీరిపోయేంత డబ్బు అది. ఇద్దరి పేరు మీద ఉన్న పేటెంట్‌ను ఒకరి ఒప్పుదల లేకుండా ఇంకొకరు అమ్మడానికి చట్టం ఒప్పుకోదు. మా ఆయన అమ్ముదామన్నారు, నేను సంతకం పెట్టనన్నాను. ఇంట్లో కొన్నాళ్లు అవసరమైన మాటలే మాట్లాడుకున్నాం. అది కూడా దాచడం లేదు, ఎందుకంటే మీలో కొందరు మా ఇంటికి వచ్చిపోయేవాళ్లే.

నేను ఎందుకు అమ్మలేదో చెబుతాను. ఆ డీలర్ ఈ ట్రేను తన పెద్ద మోడల్‌లో మాత్రమే పెడతానన్నాడు. మన దగ్గర చిన్న కూలర్ కొనేవాళ్లకు ఇది దొరకదు. పైగా పాత కూలర్లకు విడి ట్రే ఇవ్వనన్నాడు. మీరు నాలుగైదేళ్ల క్రితం కొన్న కూలర్‌కు ఈ ట్రే బిగించి ఇస్తానని మాటిచ్చింది నేను, ఆ డీలర్ కాదు.

ఆలేరు దగ్గర శారాజీపేట చింతకింది మల్లేశం గారి గురించి మన ఉమ్మడి నల్గొండ జిల్లాలో తెలియనివారు లేరు. అమ్మ ఆసు పోసి పోసి (చీర నేసేముందు నూలును గూటాల చుట్టూ చేత్తో తిప్పి తిప్పి) భుజం నొప్పితో బాధపడుతుంటే చూడలేక 1992లో మొదలుపెట్టి 1999కి ఆసు యంత్రం తయారుచేశారు. దానికి పేటెంట్ తెచ్చుకున్నారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన పెద్ద చదువు చదివినవారు కాదు. నేను ఆయనంత దాన్నని చెప్పట్లేదు, కానీ ఇంట్లో అమ్మ కష్టం నుంచి పుట్టిన పనిని మన ఉమ్మడి జిల్లా మనిషి చట్టప్రకారం తన పేరు మీద నిలబెట్టుకున్నాడని గుర్తుపెట్టుకునే ముందస్తు ప్రచురణకు సంతకం పెట్టాను. దాంతోపాటు త్వరిత పరీక్ష కూడా, అంటే దరఖాస్తును వరసకంటే ముందే పరిశీలించమని అడిగాం. 2019లో మార్చిన నిబంధనల ప్రకారం దరఖాస్తుదారుల్లో ఒక్క మహిళ ఉన్నా ఈ దారి దొరుకుతుంది. ఫీజు 8,000. "ఆడమనిషికేం తెలుసు" అన్న మనిషి ఈ సంగతి చదువుతాడనుకుంటున్నాను.

ప్రచురణ అయిపోయింది. పరీక్ష నివేదిక కూడా వచ్చింది, అందులో అభ్యంతరాలు ఉన్నాయి. నిండితే ఒరిగే గిన్నె వర్షమాపకాల్లో ముందు నుంచే ఉందని ఒకటి. తెలిసిన వస్తువులను పక్కపక్కన పెట్టి, ఎవరి పని వాళ్లు చేసుకునేలా అమర్చితే అది ఆవిష్కరణ కాదనే పేటెంట్ చట్టం 3(ఎఫ్) సెక్షన్ ఇంకొకటి. మొదటిసారి చదివినప్పుడు బాధేసింది. కానీ అడగడం వాళ్ల పని. వర్షమాపకంలో గిన్నె కొలుస్తుంది, మన దాంట్లో లవణం ముదరకుండా ఆపుతుంది. చీలిక, గిన్నె, పంపు ఒకటి లేకపోతే ఇంకొకటి పనికిరాదు. మన ట్రే ఉన్న కూలర్ ప్యాడ్లు, లేని కూలర్ ప్యాడ్లు ఒకే బోరు మీద ఒక సీజన్ నడిపి తీసిన ఫోటోలు ఉన్నాయి. జవాబుకు ఆరు నెలల గడువుంది, అంతదాకా ఆగం. పేటెంట్ వస్తుందని నేను హామీ ఇవ్వను, వదలనని మాత్రం ఇస్తాను.

అప్పటిదాకా మన కూలర్ మీద "పేటెంట్ పెండింగ్" అనే రాస్తాం. ఆ కాపీ కూలర్ మీద "పేటెంటెడ్" అని స్టిక్కర్ వేశారు. లేని పేటెంట్ ఉందని చెప్పుకుంటే ఇప్పుడు 10 లక్షల వరకు జరిమానా పడుతుంది. దాని ఫోటో మా వకీలు దగ్గర ఉంది.

ఇక మీకు కావాల్సిన సంగతులు. స్టీలు ట్రేలు మన షెడ్డులోనే వంచి వెల్డింగ్ చేస్తున్నాం, బరువు కొంచెం ఎక్కువ, చప్పుడు రాకుండా కింద రబ్బరు వేస్తున్నాం. కొత్త బుకింగ్‌లకు కూలర్ మీద 900 రూపాయలు పెరిగింది. అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకు పాత రేటే, ఆ నష్టం మాది. ప్లాస్టిక్ ట్రే ఉన్నవాళ్లు భయపడాల్సింది లేదు, విడి గిన్నెలు, పిన్నులు స్టాక్ ఉన్నాయి. వేరే చోట కొన్న కాపీ ట్రే తెస్తే రిపేరు చేసి ఇస్తాం, కొన్నవాళ్ల తప్పేముంది. అయితే వాటిలో పిన్ను పలచగా ఉండి గిన్నె ఒరిగిన చోటే ఆగిపోతోంది. నీళ్లు ఆగకుండా పోతుంటే వెంటనే పంపు ఆపేయండి. డ్రెయిన్ నీళ్లను రోజూ ఒకే మొక్కకు పోయకండి, లవణానికి మొక్క మాడుతుంది. బాత్రూం కడగడానికి వాడుకోండి.

ముందు బుక్ చేసినవాళ్లకు ముందు, ఎవరి సిఫారసుకూ వరస మారదు. ఆగలేమన్నవాళ్లు రసీదు తీసుకుని వస్తే అడ్వాన్స్ మొత్తం అదే రోజు ఇచ్చేస్తాం, దానికి నాతో మొహమాటపడకండి. ఆగుతామన్నవాళ్లు మీ బోరు నీళ్లు ఒక సీసాలో పట్టి పేరు రాసి షెడ్డులో ఇవ్వండి. గట్టిదనం చూసి మీ కూలర్ చీలికను ఇక్కడే సరిచేసి పంపిస్తాం.