లింకులో ఊరూ పేరూ అంతా ఎందుకు?

ఎడిటర్ గారికి,

మొన్న మా అమ్మాయి ఫీజు రసీదు కోసం వాళ్ల కాలేజీ సైట్ తెరిచాను. ముందు పేజీ బాగానే వచ్చింది గానీ, లోపల ఏ లింకు నొక్కినా సైట్ దొరకడం లేదనే మాటే. ఏంటా అని చూస్తే, డొమైన్ పేరు, అంటే చిరునామాలో సైట్‌కుండే అసలు పేరు, మార్చారు, లింకులన్నీ పాత పేరుతో సహా పూర్తిగా రాసేసి ఉన్నాయి. సాయంత్రం దాకా టెన్షనే.

మద్దిలపాలెంలో సైట్లు కట్టే పని చేసేవాణ్ణి కాబట్టి చెబుతున్నా. సొంత సైట్ లోపలి పేజీలకు డొమైన్ అక్కర్లేదు, '/ఫీజులు' అని ఏటవాలు గీతతో మొదలుపెడితే చాలు, మిగతాది బ్రౌజరే కలుపుకుంటుంది. ఎంవీపీ కాలనీలో పక్కవీధికి దారి అడిగితే పిన్ కోడ్‌తో సహా చెప్పం కదా! ఆ గీత మర్చిపోతే ఇంకో తంటా, పరీక్షల ఫోల్డర్‌లోని పేజీ నుంచి నొక్కితే '/పరీక్షలు/ఫీజులు' అనే లేని చోటికి పోతుంది. ఈ తప్పు నేనూ చేశాను లెండి.

అలాగని అన్నిచోట్లా పొట్టిగా రాస్తే కుదరదు. మెయిల్లో పంపే లింకుకు, సైట్‌మ్యాప్‌కు (సెర్చ్ ఇంజన్ల కోసం ఇచ్చే పేజీల జాబితాకు) మొదట్లో వచ్చే హెచ్‌టీటీపీఎస్‌తో సహా పూర్తి చిరునామా ఉండాల్సిందే. ఆ కాలేజీకి రెండుసార్లు ఫోన్ చేశాను, చూస్తామన్నారు.

- ఒక వెబ్ డెవలపర్, విశాఖపట్నం