ఆపరేషన్ సంగతి పిల్లలకు ముందే చెప్పండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మా బాబుకు ఆరేళ్లు. పోయిన ఏడాది టాన్సిల్స్ ఆపరేషన్ చేయించాం. ముందే చెబితే రానంటాడని, అమ్మమ్మ వాళ్లింటికి పోదామని బస్సెక్కించాను. వార్డులో ఆకుపచ్చ గౌను తొడుగుతుంటే "అమ్మమ్మ ఏదమ్మా?" అని అడిగాడు. థియేటర్ తలుపు దగ్గర నా చీర కొంగు పట్టుకుని వదల్లేదు. వాడి వేళ్లు ఒక్కొక్కటే నేనే విడదీశాను. ఆపరేషన్ బాగానే అయింది, గొంతు మానింది. కానీ ఆ తర్వాత చాన్నాళ్లు ఎక్కడికి బయల్దేరినా "నిజంగా అక్కడికేనా?" అని అడిగేవాడు. ఆ తప్పు నాదే.

అన్నం తినకపోతే "సూది వేయిస్తా" అంటాం. అల్లరి చేస్తే డాక్టరుకు పట్టిస్తామంటాం. ఏళ్ల తరబడి బూచిలా చూపించిన మనిషి ముందే ఒకరోజు కూర్చోబెట్టి, అస్సలు నొప్పి ఉండదని చెబుతాం. సూది దిగగానే ఆ మాట అబద్ధమని పిల్లలకు తెలిసిపోతుంది. మొన్న రక్తపరీక్షకు పోయేటప్పుడు మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాను: చురుక్కుమంటుంది, పది లెక్కపెట్టేలోపు అయిపోతుంది, నేను పక్కనే ఉంటాను. వాడు కాసేపు ఆలోచించి ఎడమచెయ్యి చాపాడు. కుడిచేత్తో హోంవర్క్ రాసుకోవాలట. ఏడ్చాడు, కానీ చెయ్యి లాక్కోలేదు.

అయితే అంతా తల్లిదండ్రుల చేతుల్లో లేదు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ ఉచిత వైద్యం పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. మాలాంటి వాళ్లకు అది పెద్ద ధైర్యం. ఆసుపత్రిలో ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో ఆరోగ్యమిత్ర ఓపిగ్గా చెబుతారు. ఆపరేషన్ జరగబోయే పిల్లవాడితో మాత్రం ఎవరూ మాట్లాడరు. ముందురోజు సిస్టర్ ఒకరు పది నిమిషాలు కూర్చుని మాస్క్ చూపించి, "ఇది పెట్టుకుంటే నిద్రొస్తుంది, లేచేసరికి అమ్మ ఉంటుంది" అని చెబితే ఎంత మేలు! ఆ మాట నిలబడాలంటే మెలకువ వచ్చేటప్పటికి తల్లిని నిజంగానే లోపలికి రానివ్వాలి. వీలైన చోట మత్తు ఎక్కేదాకా కూడా ఉండనివ్వాలి.

ఇంకో సంగతి ఆకలి. మామూలుగా మత్తుకు ముందు టిఫిన్ లాంటివి 6 గంటలు, మంచినీళ్లు 2 గంటలు ఆపితే చాలు. కానీ "రాత్రి నుంచి ఏమీ పెట్టొద్దు" అని ఒక్క ముక్క చెప్పి, మధ్యాహ్నం దాకా వరుసలో ఉంచుతున్నారు. మా వాడు నాలుకతో పెదాలు తడుపుకుంటూ పక్క మంచం మీది నీళ్ల సీసా వంకే చూస్తూ కూర్చున్నాడు. పిల్లల ఆపరేషన్లు పొద్దున్నే మొదట పెట్టాలి. నీళ్లు ఎప్పటిదాకా ఇవ్వొచ్చో టైముతో సహా తల్లికి రాసివ్వాలి. వీటికి కొత్త భవనాలూ యంత్రాలూ అక్కర్లేదు. వైద్యారోగ్య శాఖ జిల్లా ఆసుపత్రులన్నింటికీ ఈ మేరకు ఆదేశాలు ఇవ్వాలని కోరుతున్నాను.

– ఒక తల్లి, ఖమ్మం