చారెడు చదువు: విశ్వావసు ఏడాదిలో మన సంఘం చేసిన పనుల నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

2025 మార్చి 30 ఉగాది నుంచి ఇప్పటిదాకా పర్లాకిమిడిలో మన సంఘం ఏం చేసిందో చెప్పే కాగితం ఇది. నివేదిక అంటే అన్నీ వరసగా రాయాలంటారు గానీ, రోడ్డు మీద కనిపించిన ప్రతివాళ్ళూ నన్ను అడుగుతున్నది ఒక్కటే, ఉగాది నాడు పెట్టిన ఆ ఇరవై నిమిషాల పాఠాలు మళ్ళీ ఉంటాయా అని. అందుకని దాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

మిగతావి చకచకా చెప్పేస్తాను. పోయిన ఏడు వినాయక చవితి ఆగస్టు 27న, తెలుగు భాషా దినోత్సవం 29న పడ్డాయి కాబట్టి ఒకే పందిట్లో రెండూ కానిచ్చేశాం, అద్దె మిగిలింది. గిడుగు రామమూర్తి గారి ఫొటో వినాయకుడి పక్కనే పెట్టాల్సి వచ్చింది, ఒకరిద్దరు గొణిగారు. ఈ ఊరి బడిలో పాఠాలు చెబుతూ సవర భాష నేర్చుకుని, సవరలకు వాళ్ళ మాటలోనే చదువు చెప్పాలని పుస్తకాలు రాసి, 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు రాజమండ్రి వెళ్ళిపోయిన మనిషి, వినాయకుడి పక్కన కూర్చోవడానికి ఆయనకంటే ఎవరు కావాలండీ. కార్తీక వనభోజనాలు మహేంద్రతనయ ఒడ్డున జరిగాయి, పులిహోర చాల్లేదు. జమాఖర్చుల కాగితం ఆఫీసు గది తలుపుకి అంటించాం.

ఇక అసలు సంగతి.

పండగ రోజు ఎలాగూ అందరూ మైదానానికి వస్తారు, పచ్చడి తిని పంచాంగం విని వెళ్ళిపోతారు, ఆ మధ్యలో పెద్దవాళ్ళకి ఏదైనా కాస్త నేర్పితే ఎలా ఉంటుందని కమిటీలో అనుకున్నాం. ఫీజు లేదు, పేరు రాయించుకోవడం లేదు, ఇరవై నిమిషాలు కూర్చుని లేచి వెళ్ళిపోవచ్చు. పచ్చడి గిన్నెడు పెట్టం కదా, చేతిలో చారెడు వేస్తాం, నచ్చితే మళ్ళీ అడుగుతారు, అదీ లెక్క. ఆరు బల్లలు వేశాం, పైన ‘వయోజన విద్యా శిబిరం’ అని పెద్ద బ్యానర్ కట్టాం.

గంటసేపు ఒక్కరు రాలేదు. దూరంగా నిలబడి చూసి, మనవల్ని తీసుకుని జీళ్ళ కొట్టు వైపు వెళ్ళిపోతున్నారు. వెళ్ళి అడిగితే ఒక మామ్మ, "నాకేటొస్తాది బాబూ ఈ వయసులో" అని నవ్వేసింది. నాకు అప్పుడు తట్టింది, ఆ బ్యానర్ కింద కూర్చోవడమంటే నాకు చదువు రాదని ఊరందరి ముందు ఒప్పుకోవడమే. మైదానంలో వియ్యాలవారు కూడా ఉంటారు మరి. బ్యానర్ విప్పేసి అట్టల మీద సుద్దతో, ‘ఫోన్‌లో రూపాయి పంపడం, ఇరవై నిమిషాలు’, ‘శుభలేఖ చదవడం, ఇరవై నిమిషాలు’, ఇలా ఏ బల్ల మీద ఏం నేర్పుతామో అది రాసి తగిలించాం. అంతే, జనం కూర్చున్నారు. బ్యానర్ డబ్బులు దండగ అని కోశాధికారి గారు ఇప్పటికీ అంటున్నారు, నిజమే.

శుభలేఖల బల్ల నేను ఊహించనిది. ముప్పై, నలభై ఏళ్ళ వాళ్ళు, ఇంట్లో చక్కగా తెలుగు మాట్లాడతారు, ఒడియా మీడియంలోనో ఇంగ్లీషు మీడియంలోనో చదివారు కాబట్టి తెలుగు అక్షరం రాదు. శ్రీకాకుళం నుంచో పాతపట్నం నుంచో చుట్టాల పెళ్ళి పిలుపు వస్తే ముహూర్తం ఎన్నింటికో అమ్మచేత చదివించుకుంటారు. అందుకే పాఠం పుస్తకం మానేసి పాత శుభలేఖలే పంచాం. అందులో ‘శ్రీ’, ‘చిరంజీవి’, ‘సుముహూర్తం’ ప్రతి కార్డులోనూ వస్తాయి కదా, నాలుగు కార్డులు తిరగేసేసరికి ఆ మాటల్ని గుర్తుపట్టేస్తున్నారు. ఒకావిడ తన పెళ్ళి కార్డే ఇంటికెళ్ళి తెచ్చుకుంది.

దాని పక్కన ఒడియా బల్ల, ఇది దానికి తిరగేసినది. ఇక్కడ మన పెద్దవాళ్ళు ఒడియా గడగడా మాట్లాడతారు, కానీ బస్సు బోర్డు, భూమి కాగితం చదవలేరు. రెండు లిపులూ గుండ్రమే కాబట్టి వచ్చేస్తుందనుకుంటారు, అక్కడే తికమక. ఒడియా ‘ఠ’ అచ్చం మన సున్నలా ఉంటుంది, నాలుగు అంకె పైన మూత తెరిచిన ఇంగ్లీషు ఎనిమిదిలా ఉంటుంది. పాఠం చెప్పిన రిటైర్డ్ మాస్టారు అంకెలతో మొదలుపెట్టడం మంచిదైంది, ఎందుకంటే భూమి కాగితం మీద ఖాతా నంబరు, ప్లాటు నంబరు చదవగలిగితే సగం పని అయిపోయినట్టే. ఒడియా ఇళ్ళ నుంచి కూడా కొందరు వచ్చి తెలుగు అడిగారు, విశాఖపట్నం ఆసుపత్రులకి వెళ్తే బోర్డులు అర్థం కావట్లేదట. వచ్చే ఏడు వాళ్ళకో బల్ల వేయాలి.

ఈ రెండు బల్లల దగ్గరా ఎక్కువగా వినిపించిన మాట, "కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాను". మొదట ఇది తప్పించుకునే మాటే అనుకున్నాను, కొందరికి అదే. కానీ మాస్టారు తన కళ్ళజోడు ఒకాయనకి ఇస్తే ఆయన టకటకా చదివేశాడు. నలభై దాటాక దగ్గర చూపు తగ్గుతుంది కదా, ఆయనేమో చిన్నప్పటి చదువు మర్చిపోయానని ఇన్నేళ్ళూ అనుకుంటున్నాడు. చదువు పోలేదు, చూపు తగ్గింది. ఈ ఒక్క సంగతి కోసమైనా ఆ ఎండలో కూర్చున్నందుకు నాకు విచారం లేదు.

ఫోన్ బల్లకి అన్నిటికంటే తొక్కిడి. బ్యాంకులో పనిచేసి రిటైరైన మన సభ్యుడు ఒక రూపాయి అటూ ఇటూ పంపించి చూపించాడు, తర్వాత మైదానంలో జనం పెరిగి సిగ్నల్ పోయింది, ఎవరిదో రూపాయి మధ్యలో ఆగిపోయింది, ఆవిడ టెన్షన్ పడిపోయింది. సాయంత్రానికి వెనక్కి వచ్చిందనుకోండి. నిజానికి దానివల్లే మంచి పాఠం జరిగింది, డబ్బు ఆగితే మళ్ళీ మళ్ళీ నొక్కకుండా ఆగాలని అందరికీ కళ్ళముందు తెలిసింది. ఆయన పదే పదే చెప్పింది ఒకటే: మనకి డబ్బు రావడానికి పిన్ కొట్టక్కర్లేదు, పిన్ అడిగారంటే మన డబ్బు పోతోందని అర్థం. మోసం జరిగితే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఆ నంబరు అట్ట మీద రాసి ఉంచాం, చాలామంది దాన్ని ఫొటో తీసుకున్నారు.

నర్సుగా పనిచేసే ఒకావిడ బల్ల మీద దిండు పెట్టి, గుండె ఆగితే ఛాతీ నొక్కడం ఎలాగో చూపించింది, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. మగవాళ్ళు మిగతా బల్లల దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు గానీ ఇక్కడ మాత్రం పోటీపడి దిండు నొక్కారు. పాపం దిండు. కొమ్ము పనివారి బల్ల దగ్గర, మన ఊరికి పేరు తెచ్చిన పని కదా, కొమ్ముని వేడి చేస్తే మెత్తబడి ఎలా వంగుతుందో చూసి ఆకురాయితో రాసే వంతు కోసం కుర్రాళ్ళు వరస కట్టారు.

జాకెట్టు కటింగ్ బల్ల పూర్తిగా ఫెయిలైంది. ఇరవై నిమిషాల్లో కొలతలు తీసుకోవడమే అవలేదు, పైగా మెడ ఎంత లోతు ఉండాలన్న దాని మీద ఇద్దరు అక్కలు వాదించుకున్నారు. ఆ పనికి చారెడు సరిపోదు, అది పూర్తిగా నేర్పాల్సిందే.

ఎంతమంది వచ్చారని అడుగుతున్నారు. నా దగ్గర లెక్క లేదు, కావాలనే రిజిస్టరు పెట్టలేదు. సంతకం అడిగితే సంతకం రాని మనిషి లేచి వెళ్ళిపోతాడు. దీని మీద కమిటీలో గట్టి గొడవ అయింది, లెక్క లేకపోతే విరాళాలు ఎలా అడుగుతామని. ఒక పద్ధతి ఆలోచించాం, లేచి వెళ్ళేటప్పుడు డబ్బాలో ఒక చింతగింజ వేయమందాం.

ఉగాది తర్వాత ఆదివారం సాయంత్రాలు ఆఫీసు గదిలో క్లాసులు పెట్టాం. రుచి చూసినవాళ్ళంతా రారు, అది ముందే తెలుసు. ఒడియా క్లాసు నిలబడింది, శుభలేఖల క్లాసు ఉభాల రోజుల్లో, అంటే వరి నాట్లప్పుడు, ఆగిపోయి దసరా తర్వాత మళ్ళీ మొదలైంది. 15 ఏళ్ళు దాటి చదువురానివాళ్ళ కోసం 2022-27కి కేంద్రం పెట్టిన ఉల్లాస్ పథకం ఉండగా మనకెందుకీ పని అని ఒకరు రాశారు. అందులో కూడా నేర్పేది స్వచ్ఛందంగా ముందుకొచ్చినవాళ్ళే, మన ఆదివారం జట్టు అందులో చేరొచ్చా అన్నది సర్వసభ్య సమావేశంలో మాట్లాడదాం.

ఈసారి ఉగాది మార్చి 19, గురువారం. కొట్లకీ ఆఫీసులకీ వెళ్ళేవాళ్ళు పగలు రాలేరు కాబట్టి బల్లలు సాయంత్రం నాలుగింటికి వేస్తాం. పోయినసారి పంచాంగ శ్రవణం మైకు మా వైపే తిప్పి పెట్టారు, ఒడియా అంకెలు నేర్చుకునేవాళ్ళ చెవిలో ఆదాయ వ్యయాలు పడుతూనే ఉన్నాయి, దయచేసి ఈసారి ఆ మైకు చెరువు వైపు తిప్పండి. ఇంట్లో పాత శుభలేఖలు, వాడని రీడింగ్ కళ్ళజోళ్ళు ఉంటే 15వ తేదీలోపు ఆఫీసు గదిలో ఇవ్వండి. దిండు కూడా ఒకటి కావాలి, గట్టిది.

మీ కార్యదర్శి