చిన్న జబ్బుల వైద్యానికి రోగి పక్కనే శిక్షణ ఇవ్వాలి

సంపాదకులకు నమస్కారం.

ఆయుష్మాన్ భారత్ కింద గ్రామాల్లోని ఆరోగ్య ఉపకేంద్రాలను వెల్‌నెస్ కేంద్రాలుగా మార్చి, నర్సింగ్ చదివినవారిని ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు తరువాత ఎం.ఎల్.హెచ్.పి.లుగా (మధ్యస్థాయి ఆరోగ్య సేవకులుగా) నియమించడంతో జలుబు, జ్వరం, విరేచనాల వంటి వాటికి ఊళ్లోనే వైద్యం అందుతోంది. ఇది మంచి మార్పు. అయితే వారి శిక్షణలో పాఠం ఎక్కువ, రోగిని చూపి నేర్పించడం తక్కువ అని ఆరోగ్య పర్యవేక్షకురాలిగా పనిచేసి విరమణ పొందిన నేను గమనించాను.

దగ్గుతో వచ్చిన పసిబిడ్డనే తీసుకుందాం. రెండు నెలలు దాటి ఏడాదిలోపు బిడ్డ నిమిషానికి 50 సార్లు, ఏడాది దాటి ఐదేళ్లలోపు బిడ్డ 40 సార్లు, లేదా అంతకు మించి ఊపిరి తీస్తుంటే న్యుమోనియాగా అనుమానించాలి. ఈ అంకెలు అందరికీ కంఠతా వచ్చు. కానీ ఏడుస్తున్న బిడ్డను తల్లి ఒడిలోనే ఊరడించి, చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం లెక్కపెట్టడం చేసి చేసి అలవడవలసిన పని. బయట పాతికమంది వేచి ఉన్నప్పుడు ముందుగా ఎగిరిపోయేది ఆ నిమిషమే. లెక్కపెట్టకపోతే మామూలు దగ్గుకు యాంటీబయాటిక్ వెళ్తుంది, ఆయాసపడుతున్న బిడ్డ సిరప్‌తో ఇంటికి వెళ్తుంది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో విషపూరితమైన డైఇథిలీన్ గ్లైకాల్ కలిసిన దగ్గుమందు తాగి పసిపిల్లలు మరణించాక, రెండేళ్లలోపు పిల్లలకు అటువంటి మందులు ఇవ్వవద్దని కేంద్ర ఆరోగ్య శాఖ సూచించింది. సిరప్ కోసం పట్టుబట్టే తల్లికి ఎందుకు వద్దో నొప్పించకుండా చెప్పడం కూడా సాధన చేయించవలసిన విద్యే. విరేచనాలు తగ్గినా జింక్ మాత్రలు 14 రోజులూ వేయాలని ఆమెకు నచ్చజెప్పడమూ అంతే.

పెద్దల విషయంలో చిక్కు మరో రకం. సూది వేస్తేనే వైద్యమన్న నమ్మకం మన పల్లెల్లో ఇంకా బలంగా ఉంది. ఒళ్లునొప్పులతో కూడిన జ్వరానికి డైక్లోఫెనాక్ సూది వేశాక అది డెంగీ అని తేలితే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. డెంగీలో జ్వరం తగ్గుతున్న రోజుల్లోనే ప్రమాద దశ మొదలవుతుందని, విపరీతమైన కడుపునొప్పి, ఆగని వాంతులు ఉంటే వెంటనే పెద్దాసుపత్రికి పంపాలని నర్సుకు తెలియాలి. గ్యాస్ అనుకుని వచ్చిన మధుమేహ రోగికి గుండెపోటు కావచ్చునన్న అనుమానం కలగడం కూడా శిక్షణ వల్లనే సాధ్యం.

అందువల్ల ప్రతి ఎం.ఎల్.హెచ్.పి.ని ఏటా కనీసం రెండు వారాలు ఏరియా ఆసుపత్రిలోని పిల్లల ఓపీలోను, సాధారణ ఓపీలోను వైద్యుల పక్కన కూర్చోబెట్టాలని, ఆ రోజుల్లో ఆమె కేంద్రం మూతపడకుండా మరొకరిని పంపాలని రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలను కోరుతున్నాను. వైద్యాధికారి గ్రామానికి వచ్చిన ప్రతిసారీ ఆమె చూసిన కేసుల్లో కొన్నింటిని ఆమెతోనే కూర్చుని పరిశీలించాలి. తప్పు చేశానని ఆమె భయపడకుండా చెప్పుకోగలిగేలా ఆ పరిశీలన సాగాలి. వానాకాలపు జ్వరాలు మొదలయ్యేలోగా దీనికి ఏర్పాట్లు జరగాలి.

– ఒక విశ్రాంత ఆరోగ్య పర్యవేక్షకురాలు, తూర్పు గోదావరి జిల్లా