ఆదివారం లాంకాస్టర్ రోడ్ల మీద గుర్రం ముందు, మన కారు వెనక

సంపాదకులకు నమస్కారం.

న్యూజెర్సీ, ఫిలడెల్ఫియా, హారిస్‌బర్గ్ వైపు ఉండే తెలుగువాళ్లు, ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు వాళ్లను పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ కౌంటీకి తీసుకొస్తుంటారు. మొక్కజొన్న చేలు, పాడి పశువులు, దండేల మీద ఆరేసిన బట్టలు, వాటి మధ్య పాతకాలపు పద్ధతిలో బతికే ఆమిష్ అనే క్రైస్తవుల బగ్గీలు, అంటే గుర్రం లాగే బూడిదరంగు డబ్బా బండ్లు చూసి పెద్దవాళ్ల ప్రాణం లేచొస్తుంది. సెలవు కాబట్టి చాలామంది వచ్చేది ఆదివారమే. పసిపిల్లలతో సహా ఇంటిల్లిపాదీ ఎక్కిన బగ్గీలు ఒకదాని వెనక ఒకటి బారులు తీరేదీ ఆదివారమే. ఆ బండిని లాగే గుర్రం గురించి తెలియకుండా దాని వెనక కారు నడపడం ప్రమాదం. వేసవి ప్రయాణాలకు ముందే నాలుగు మాటలు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

పాత పద్ధతి ఆమిష్ క్రైస్తవులకు చర్చి భవనం అంటూ ఉండదు. సుమారు 25 నుంచి 40 కుటుంబాలు కలిస్తే ఒక సంఘం. రెండు వారాలకోసారి ఒకరి ఇంట్లోనో, కొట్టంలోనో, పని షెడ్డులోనో ఆరాధన జరుగుతుంది. వీపు ఆనుకోను చెక్కలేని బెంచీలను దానికోసమే చేయించిన బండిలో ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి చేరవేస్తారు. ఉదయం ఎనిమిది ప్రాంతంలో మొదలై మూడు గంటలు సాగుతుంది. జర్మన్ పాటలు, వాయిద్యం ఉండదు, ఒక్కో పాటను చాలా నిదానంగా సాగదీసి పాడతారు. తరవాత అందరూ అక్కడే భోంచేస్తారు. ఈ వారం ఒక సంఘానికి ఆరాధన ఉంటే పక్క సంఘానికి వచ్చే వారం. ఆరాధన లేని ఆదివారం బంధువుల ఇళ్లకు బయల్దేరతారు. కాబట్టి బగ్గీలు లేని ఆదివారం ఉండదు.

ఇక్కడ గుర్రం అలంకారం కాదు. కారు సొంతంగా ఉంచుకోకూడదన్నది సంఘం పెట్టుకున్న కట్టుబాటు. బండి తేలిగ్గా వెళ్లి రాగలిగినంత దూరంలోనే సంఘం ఉండాలి కాబట్టి దాని ఎల్లలు గీసేది ఒకరకంగా గుర్రమే. కుటుంబాలు పెరిగి ఒక ఇంట్లో పట్టనప్పుడు సంఘం రెండవుతుంది. పెళ్లికీ చావుకీ వచ్చేదీ, కొట్టం కాలిపోతే చేతులు కలిపి తిరిగి నిలబెట్టేదీ బండి దూరంలో ఉన్న ఆ ఇళ్లవాళ్లే. "ఇంకా గుర్రాలేమిటి వీళ్లకు" అని కారులో కూర్చుని అనుకునేవాళ్లు ఈ సంగతి గమనించాలి.

బగ్గీ లాగే గుర్రాల్లో ఎక్కువభాగం స్టాండర్డ్‌బ్రెడ్ జాతివి. ఇది పందేల కోసం పెంచిన జాతి. మన రేసుకోర్సుల్లోలాగా వీపు మీద జాకీ ఉండడు. వెనక తేలికైన రెండు చక్రాల బండి కట్టి, దౌడు తియ్యనివ్వకుండా, ఒకే లయలో అడుగులు వేయిస్తూ గంటకు 30 మైళ్ల వేగం దాకా తీసుకెళ్తారు. పందెంలో వెనకబడ్డవీ, పందెపు వయసు దాటినవీ వేలానికి వస్తే ఆమిష్ వాళ్లు కొంటారు. బండి లాగడం దానికి అప్పటికే వచ్చు. ఎదురుగా వచ్చే లారీ, గాలికి లేచే ప్లాస్టిక్ సంచి, రోడ్డు మీద తళతళలాడే నీటి మడుగు మాత్రం దానికి కొత్త. కొత్త గుర్రానికి అన్నిటికంటే ఆలస్యంగా పట్టుబడేది కదలకుండా నిలబడటం. పందెపు బాటలో దానికి ఎవరూ నేర్పని విద్య అది.

అలాగని మందకొడి గుర్రాన్ని ఎవరూ కోరుకోరు. గంటకు 8 నుంచి 12 మైళ్ల వేగంతో, చర్నాకోల తగలకుండా, కుటుంబాన్ని ఆరాధనకు చేర్చాలంటే దానికి ఉషారు ఉండాల్సిందే. ఆ ఉషారును అదుపులో పెట్టేది పగ్గాలు పట్టిన చెయ్యి. గట్టిగా లాగి పట్టుకుంటే గుర్రం ఇంకా రెచ్చిపోతుంది, వదులుగా వదిలేస్తే తోలేవాడు లేడనుకుంటుంది. పగ్గం బిగువు సమంగా ఉంచి, నోటితో మాట్లాడుతూ ఉండాలి.

జట్కా ఎక్కిన తరానికి ఈ సరంజామా కొత్తగా అనిపించదు. కళ్లెం, కళ్లకు గంతలు, పగ్గాలు, లాడాలు అన్నీ ఉన్నాయి. ఒక్క తేడా ఉంది. జట్కాకు రెండు చక్రాలే కాబట్టి బరువు తూకం గుర్రం వీపు మీద పడేది. వెనక ఎక్కువమంది కూర్చుంటే ముందు కర్రలు పైకి లేస్తాయి, అందుకే బండివాడు "ముందుకు జరగండమ్మా" అనేవాడు. బగ్గీకి నాలుగు చక్రాలు, వీపు మీద బరువు ఉండదు, గుర్రం పని లాగడమే. ఆపడానికి బండికే కాలితో నొక్కే బ్రేకు ఉంటుంది. చక్రాలకు ఇనుప పట్టాలు. తారు రోడ్డు మీద కాలు జారకుండా లాడం అడుగున టంగ్‌స్టన్ కార్బైడ్ ముక్కలు అతికిస్తారు. గిట్టలు ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి చెక్కి లాడాలు మళ్లీ కొట్టాలి, లేకపోతే పెరిగిన గిట్టతో తడబడుతుంది.

కట్టేటప్పుడు వరస తప్పకూడదు. ముందు కళ్లెం, పగ్గాలు. తరవాత బండి కర్రలు గుర్రానికి రెండు పక్కలా వచ్చేలా చేర్చి, రొమ్ముపట్టీ నుంచి వచ్చే లాగుడు పట్టీలు తగిలిస్తారు. చివరికి పిరుదుల వెనక పట్టీ, పల్లంలో బండి గుర్రం మీదికి దొర్లకుండా ఆపేది అదే. విప్పేటప్పుడు దీనికి తలకిందులు. బండి ఇంకా తగిలించి ఉండగా కళ్లెం మాత్రం ఎన్నడూ తియ్యకూడదు. గంతలు పోయి, వెనక అంత పెద్ద వస్తువు ఒక్కసారిగా కనపడితే అది తననే తరుముతోందనుకుని గుర్రం పరుగు లంకించుకుంటుంది. ఎంత పరిగెత్తినా అది వెంటే వస్తుంటుంది, ఇక ఆగదు.

ఇప్పుడు రోడ్డు సంగతి. గంటకు 55 మైళ్లలో వెళ్తున్న కారుకు, 500 అడుగుల ముందు 45 మైళ్లలో వెళ్తున్న ఇంకో కారు ఉంటే దాన్ని అందుకోవడానికి 34 సెకన్లు పడుతుంది. అదే దూరంలో 8 మైళ్ల వేగంతో బగ్గీ ఉంటే 7 సెకన్లే. దిబ్బ ఎక్కి దిగగానే, మలుపు తిరగగానే బగ్గీ ఎదురైతే చాలామందిని దెబ్బతీసేది ఈ లెక్కే. బగ్గీ వెనక, ఇది నెమ్మదిగా వెళ్లే బండి అని చెప్పే నారింజరంగు ముక్కోణపు పలక కనపడిన క్షణంలోనే కాలు యాక్సిలరేటర్ మీంచి తీసెయ్యాలి. రాత్రిపూట ఎర్రదీపాలు చూసి "ఎక్కడో దూరంగా ఉన్న కారులే" అనుకోవడం ఇంకా పెద్ద పొరపాటు.

హారన్ కొట్టవద్దు. మన అలవాటు ప్రకారం "వస్తున్నాం, చూసుకో" అనే మర్యాదతో కొట్టినా సరే. తోలేవాడికి అద్దంలో కారు కనపడుతూనే ఉంటుంది. గుర్రానికి మాత్రం గంతల వల్ల వెనక ఏముందో కనపడదు, చప్పుడే వినపడుతుంది. ఉలిక్కిపడి పక్కకు దూకితే చక్రం రోడ్డు అంచు దిగి బండి బోల్తా పడవచ్చు. గుర్రం బెదురు తెలిపేది దాని చెవులు, కారులో ఉన్నవాళ్లకు అవి కనపడవు, బగ్గీ డబ్బా అడ్డం. గమనించాల్సింది చక్రాల తీరు. బండి అటూ ఇటూ ఊగుతున్నా, వేగం కాసేపు పెరిగి కాసేపు తగ్గుతున్నా ముందున్న గుర్రం స్థిమితంగా లేదన్నమాట. అప్పుడు దాటాలని చూడవద్దు, వెనకే ఉండండి.

దాటాల్సివస్తే ఎదుటి వరస పూర్తిగా ఖాళీగా కనపడాలి. పూర్తిగా ఆ వరసలోకి వెళ్లి, ఇంజన్ గర్జించకుండా దాటి, లోపలి అద్దంలో గుర్రం మొత్తం బాగా వెనక కనపడ్డాకే తిరిగి మన వరసలోకి రావాలి. ముక్కు ముందు కోసుకుంటూ వచ్చి బ్రేకు నొక్కితే గుర్రానికి ఆగే చోటుండదు. బగ్గీ ఎడమ సిగ్నల్ వేసి ఉందేమో ముందే చూసుకోవాలి. పొలాల గేట్ల దగ్గర ఎడమకు తిరిగే బగ్గీని అదే సమయంలో దాటబోయి గుద్దేస్తుంటారు. స్టాప్ గుర్తు దగ్గర వెనక కనీసం పదడుగులు వదలండి. నిలబడటం రాని గుర్రం వెనకడుగు వేస్తే బండి మన బానెట్ మీదికి వస్తుంది. కిటికీలోంచి చున్నీ ఎగరేయడం, పిల్లలు కేకలు పెట్టడం, పొలాల మీద డ్రోన్ ఎగరేయడం వద్దే వద్దు.

దుకాణాల దగ్గర కట్టేసిన గుర్రాలకు మనవాళ్లు అరటిపండ్లు పెట్టబోతారు. ఆవుకు పెట్టే అలవాటు, మంచి మనసుతోనే. కానీ గుర్రానికి వాంతి చేసుకునే వీలు శరీరంలోనే లేదు. పడనిది తింటే కడుపునొప్పిగా మారుతుంది, అది ప్రాణం తీయగలదు. ఏదీ పెట్టవద్దు. వెనక నుంచి దగ్గరికి వెళ్లవద్దు, దాని వెనకంతా దానికి కనపడని చోటే. మనుషుల ఫొటోలు కూడా తియ్యవద్దు. ముఖం చూపించి ఫొటోకు నిలబడటం తమ విశ్వాసానికీ వినయానికీ విరుద్ధమని వాళ్లు భావిస్తారు. ఆరాధన జరిగే ఇంటి ముందు కారు ఆపి చూడటం, మన గుళ్లో పూజ జరుగుతుండగా గర్భగుడిలోకి తొంగి చూడటంలాంటిది.

ఆంధ్ర, తెలంగాణల్లో పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు పెంచేవాళ్లకు పనికొచ్చే సంగతి ఒకటుంది. ఆమిష్ పొలాల్లో దుక్కి దున్నే బెల్జియన్ అనే భారీ జాతి గుర్రాలకు ఆదివారం పూర్తి విశ్రాంతి. ఆ రోజు గింజ దాణా తగ్గించి ఎండుగడ్డితో సరిపెట్టాలి. పనిరోజు దాణా అంతా పెట్టి, సోమవారం పొద్దున్నే కాడి కడితే కాసేపటికే తొడల కండరాలు రాయిలా బిగుసుకుని, చెమటలు పట్టి, కాఫీ రంగు మూత్రం పోస్తుంది. దీన్ని సోమవారం జబ్బు అనేవారు. అలా కనపడితే ఒక్క అడుగు కూడా నడిపించకుండా పశువైద్యుణ్ని పిలవాలి. మూఢంలో, ఆషాఢంలో పెళ్లిళ్లు లేక కొట్టంలో నిలబడ్డ గుర్రానికి ఉలవలు తగ్గించకపోతే, ముహూర్తాలు మొదలైన రోజున ఇదే ముప్పు.

ఆదివారం రాక తప్పకపోతే, ఉదయం ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా, మళ్లీ మధ్యాహ్నం భోజనాలయ్యాక బర్డ్-ఇన్-హ్యాండ్, ఇంటర్‌కోర్స్ ఊళ్ల మీదుగా పోయే 340 రోడ్డు మీదా, దాని చుట్టూ ఉన్న పొలాల దారుల్లోనూ మరీ నిదానంగా వెళ్లండి. ఆమిష్ అంగళ్లు ఆ రోజు మూసి ఉంటాయి కాబట్టి తొందరపడి అందుకోవాల్సిందీ ఏమీ లేదు. రాత్రి తిరిగి వెళ్లేటప్పుడు ఇంకో మాట. ఆమిష్ కుర్రకారు ఆదివారం రాత్రి పాటల కూడిక ముగించుకుని చీకట్లో ఇళ్లకు మళ్లుతుంటారు. పడుచువాళ్ల చేతిలో పగ్గాలు, ఇంటి దారి పట్టిన గుర్రం, రెండూ తొందరలోనే ఉంటాయి. హై బీమ్ దించి నడపండి.

ఇట్లు,
లాంకాస్టర్ కౌంటీ నుంచి ఒక తెలుగు పాఠకుడు