తొంభై ఏడేళ్ల టైపిస్టుకు శిక్ష వేయడం తప్పు కాదు

సంపాదకుల గారికి నమస్కారం.

నాజీ శిబిరాల్లో పనిచేసిన ముసలివాళ్లను ఇన్నేళ్ల తర్వాత కోర్టుకు లాగడం అమానుషం అంటూ ఒక పాఠకుడు రాసిన ఉత్తరం మీ పత్రికలో చదివాను. తొంభై ఏడేళ్ల ఆవిడ, వీల్‌చైర్‌లో ఉంది, అప్పట్లో పద్దెనిమిది పంతొమ్మిదేళ్ల టైపిస్టు, తుపాకీ పట్టలేదు, ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదు, పైవాళ్లు చెప్పింది టైపు చేసింది, ఆవిడకు శిక్షేమిటి అని ఆయన బాధ. బాధ నిజమైనదే, కాదనను. కానీ ఆ వాదన ఒప్పుకోలేను, ఎందుకో చెప్పాలనే ఈ ఉత్తరం.

ఆయన చెప్పిన ఆవిడ పేరు ఇర్మ్‌గార్డ్ ఫుర్ష్‌నర్. ఇప్పటి పోలండ్‌లో గ్డాన్‌స్క్ నగరానికి దగ్గర్లో ఉన్న స్టుట్‌హోఫ్ శిబిరంలో, కమాండెంట్ పాల్ వెర్నర్ హొప్పే ఆఫీసులో 1943 జూన్ నుంచి 1945 ఏప్రిల్ వరకు పనిచేసింది. ఆ ఒక్క శిబిరంలో చనిపోయినవాళ్లు అరవై వేల పైమాటే అని అంచనా. కొందరిని గ్యాస్ గదిలో పెట్టారు, కొందరిని మెడ వెనక కాల్చారు, ఎక్కువ మందిని చలికీ ఆకలికీ టైఫస్ జ్వరానికీ వదిలేశారు. 2022 డిసెంబర్ 20న జర్మనీలోని ఇట్జెహో కోర్టు ఆమె 10,505 హత్యలకు తోడ్పడిందని తేల్చింది. తీర్పుకు ముందు జడ్జిలు శిబిరం ఉన్న చోటికి స్వయంగా వెళ్లి, ఆ ఆఫీసు దగ్గర నిలబడితే ఏమేం కనిపిస్తాయో చూసుకుని మరీ వచ్చారు. 2024 ఆగస్టులో పై కోర్టు ఆ తీర్పును ఖాయం చేసింది. శిక్ష రెండేళ్లు, అదీ సస్పెండ్ చేసినది. అంటే ఆ తీర్పు వల్ల ఆవిడ ఒక్క రాత్రి కూడా జైల్లో పడుకోలేదు. విచారణ మొదలయ్యే రోజున కోర్టుకు రాకుండా పారిపోతే పోలీసులు పట్టుకుని కొద్ది రోజులు ఉంచారు, అంతే. ఇందులో అమానుషం ఎక్కడుందో నాకు అర్థం కాలేదు.

ఇక "టైపే కదా చేసింది" అన్న మాట. నేను శ్రీకాకుళంలో ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైరైనవాణ్ణి, కాబట్టి ఈ సంగతి నాకు బాగా తెలుసు. అధికారి నోట్ ఫైల్ మీద సంతకం పెట్టినంత మాత్రాన ఏదీ కదలదు. డ్రాఫ్టు తయారవ్వాలి, ఫెయిర్ కాపీ టైపవ్వాలి, నంబరు పడాలి, డిస్పాచ్ రిజిస్టర్లో ఎక్కాలి, అప్పుడు గానీ అది ఉత్తర్వు కాదు. ఏ ఫైల్లో ఏముందో అధికారి తర్వాత మొదట తెలిసేది టైపిస్టుకే. మా ఆఫీసుల్లో ట్రాన్స్‌ఫర్ల సీజన్ వస్తే జనం ముందు వెళ్లి నిలబడేది ఎవరి టేబుల్ దగ్గరో అందరికీ తెలుసు. కమాండెంట్ ఆఫీసులో దాదాపు రెండేళ్లు కూర్చున్న మనిషికి, కిటికీ అవతల శవాల్ని కాల్చే పొగ లేస్తుంటే, ఏం జరుగుతోందో తెలియదంటే నమ్మలేం, కోర్టూ నమ్మలేదు.

అయితే ఆ ఉత్తరంలో ఒక ప్రశ్న సరైనదే. ఇన్నాళ్లు ఎందుకు ఆగారు? కేసు పెట్టేదాకా ఆవిడ ఎక్కడికీ పోలేదు, దాక్కోలేదు, 1950ల్లో హొప్పే కేసులో ఆవిడను సాక్షిగా కూడా ప్రశ్నించారు. ఆ హొప్పేకు పడింది తొమ్మిదేళ్లు, అది కూడా పూర్తి కాకుండానే 1960 నాటికి బయటికి వచ్చేశాడు. ఆలస్యం చేసింది జర్మన్ వ్యవస్థ, కోపం రావాల్సింది దాని మీద.

యుద్ధంలో గెలిచిన దేశాలు నాజీ పెద్దల మీద నడిపిన న్యూరెంబర్గ్ విచారణ సంగతి అందరికీ కొంచెం తెలుసు. 1945 నవంబర్‌లో మొదలై 1946 అక్టోబర్ 1న తీర్పు, 22 మందిలో 12 మందికి ఉరి, ముగ్గురు నిర్దోషులు. ఆ తర్వాత అమెరికన్లు అక్కడే డాక్టర్ల మీద, జడ్జిల మీద, ఫ్యాక్టరీల యజమానుల మీద మరో 12 కేసులు నడిపారు. అంతవరకు బాగానే ఉంది. తర్వాత సోవియట్ యూనియన్‌తో వైరం ముదిరి, పశ్చిమ జర్మనీ స్నేహం కావాల్సి వచ్చేసరికి అంతా తారుమారైంది. బానిస కూలీలతో ఫ్యాక్టరీలు నడిపిన ఆల్ఫ్రెడ్ క్రుప్‌కు 1948లో 12 ఏళ్ల జైలు, ఆస్తి జప్తు అన్నారు, 1951కల్లా విడిచిపెట్టి ఆస్తి తిరిగి ఇచ్చేశారు. యూదుల్ని పౌరులు కాకుండా చేసిన జాతి చట్టాలకు వ్యాఖ్యానం రాసిన హన్స్ గ్లోబ్కే 1953 నుంచి పదేళ్లు సాక్షాత్తు ఛాన్సలర్ అడెనావర్ కార్యాలయాన్ని నడిపాడు. నాజీల 'ప్రజా న్యాయస్థానం'లో జడ్జిగా కూర్చుని ఎన్నో మరణశిక్షల మీద సంతకాలు పెట్టిన రేజె అనే ఆయనకు 1967లో శిక్ష పడితే, మర్నాటి ఏడాదే అది కొట్టేశారు, నిర్దోషి అన్నారు. అలాంటి జడ్జిల్లో ఒక్కరికి కూడా పశ్చిమ జర్మనీలో శిక్ష చివరిదాకా నిలవలేదు.

నాకు అన్నిటికంటే మంట పుట్టించేది 1968లో జరిగింది. చిన్న చిన్న జరిమానాల నేరాలకు సంబంధించిన ఒక చట్టంతో పాటు శిక్షాస్మృతిలో ఒక చిన్న సవరణ దూర్చారు. పార్లమెంటులో ఎవరూ పట్టించుకోలేదు. దాని ఫలితం ఏమిటంటే, హత్యకు తోడ్పడినవాళ్లకు సొంతంగా నీచమైన ఉద్దేశం ఉందని రుజువు చేయలేకపోతే, కేసు పెట్టడానికి ఉన్న కాలపరిమితి ఎప్పుడో తీరిపోయినట్టే లెక్క. బెర్లిన్‌లో కూర్చుని హత్యాకాండకు ప్లాన్లు వేసి కాగితాలు నడిపిన అధికారుల మీద ప్రాసిక్యూటర్లు ఏళ్ల తరబడి తయారుచేసుకున్న కేసులు అలా కుప్పకూలిపోయాయి. న్యాయశాఖలో ఆ పనితో సంబంధం ఉన్న ఎడ్వర్డ్ డ్రేయర్ నాజీల కాలంలో ప్రత్యేక కోర్టులో ప్రాసిక్యూటర్. కావాలని చేశాడా, పొరపాటా అని చరిత్రకారులు ఇంకా వాదించుకుంటున్నారు. సర్వీసంతా ఫైళ్ల మధ్య గడిపినవాడిగా నా అనుమానం నాకుంది.

అదే ఏడాది ఫ్రిట్జ్ బావర్ చనిపోయాడు. ఈ మనిషి గురించి మన వాళ్లకు తెలియాలి. యూదు కుటుంబంలో పుట్టిన జడ్జి, నాజీలు శిబిరంలో పెట్టారు, దేశం విడిచి పోయి, యుద్ధం తర్వాత తిరిగొచ్చి హెస్సె రాష్ట్రానికి ప్రధాన ప్రాసిక్యూటర్ అయ్యాడు. యూదుల్ని శిబిరాలకు తరలించే పని నడిపిన నాజీ అధికారి ఐష్‌మన్ అర్జెంటీనాలో ఉన్నాడని కబురు అందితే తన సొంత ప్రభుత్వాన్నే నమ్మలేక ఇజ్రాయెల్‌కు చెప్పాడు. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆష్‌విట్జ్ శిబిరం సిబ్బంది మీద కేసు నడిపించింది కూడా ఆయనే. చంపడం కోసమే నడిచిన చోట తెలిసి పనిచేసిన ప్రతివాడూ ఆ హత్యల్లో భాగస్వామే అన్నది ఆయన వాదన. కోర్టులు వినలేదు, ఎవడు ఎవర్ని ఏ రోజున చంపాడో విడివిడిగా రుజువు చేయమన్నాయి. గ్యాస్ గదిలోకి వెళ్లినవాళ్లలో ఎవరు బతికి వచ్చి సాక్ష్యం చెబుతారు?

ఆ వాదన నెగ్గడానికి 2011 దాకా పట్టింది. సోబిబోర్ శిబిరం కాపలాదారు జాన్ డెమ్యాన్యుక్‌కు మ్యూనిక్ కోర్టు శిక్ష వేసింది, అప్పీలు తేలకముందే అతను పోయాడు. 2015లో ఆష్‌విట్జ్‌లో ఖైదీల డబ్బు లెక్కపెట్టిన ఆస్కర్ గ్రోనింగ్‌కు నాలుగేళ్లు, మూడు లక్షల హత్యలకు తోడ్పడినందుకు. మరుసటి ఏడాది పై కోర్టు సరే అన్నాక గానీ దారి తెరుచుకోలేదు. అప్పటికి మిగిలింది ఎవరు? యుద్ధం నాటికి ఇరవై ఏళ్లు కూడా నిండనివాళ్లు. పెద్దలు పింఛన్లు తీసుకుంటూ దర్జాగా పోయారు. ఇది అన్యాయమే. కానీ పెద్దవాళ్లను వదిలేశాం కాబట్టి మిగిలినవాళ్లనూ వదిలేద్దాం అంటే ఆ అన్యాయం పూర్తయినట్టే.

"చేయనంటే వాళ్లనే కాల్చేసేవారు కదా" అని కూడా ఆయన రాశారు. చంపనన్న పాపానికి ఉరి తీసిన కేసు ఒక్కటైనా చూపించమని దశాబ్దాల పాటు కోర్టుల్లో అడిగారు, ముద్దాయిల లాయర్లు చూపించలేకపోయారు. 1942 జూలైలో పోలండ్‌లోని యూజెఫూఫ్ ఊళ్లో 101వ రిజర్వ్ పోలీస్ బెటాలియన్ అనే జర్మన్ దళం కమాండరే, యూదుల్ని కాల్చి చంపే పని చేయలేమనుకున్న పెద్ద వయసువాళ్లు తప్పుకోవచ్చు అన్నాడు. దాదాపు ఐదొందల మందిలో అప్పటికప్పుడు తప్పుకున్నది పన్నెండు మంది దాకా. వాళ్లకేమీ కాలేదు.

గెలిచినవాళ్లు ఓడినవాళ్లకు వేసిన శిక్షలే ఇవన్నీ అనేవాళ్లకూ ఒక మాట. జపాన్ నాయకుల మీద నడిచిన టోక్యో విచారణలో జడ్జిగా కూర్చున్న మన రాధావినోద్ పాల్ గారు అదే ప్రశ్న వేసి నిందితులందరూ నిర్దోషులని విడిగా తీర్పు రాశారు, ఆ ప్రశ్నలో బలం ఉంది. 1943 బెంగాల్ కరువులో ముప్ఫై లక్షల మంది దాకా పోతే ఏ ఇంగ్లీషువాణ్ణీ కోర్టులో నిలబెట్టలేదు. జలియన్‌వాలాబాగ్‌లో కాల్పులు జరిపించిన డయ్యర్‌నూ అంతే, ఉద్యోగం మాత్రం పోయింది. అందుకే చెబుతున్నాను, అడిగేవాడు లేకపోతే ఎలా ఉంటుందో మనకు తెలుసు. ఫుర్ష్‌నర్ కేసులో గెలిచిన దేశమేదీ లేదు, ఒక జర్మన్‌ను జర్మన్ కోర్టే విచారించింది.

క్షమించడం మాటకొస్తే, గ్రోనింగ్ విచారణలో ఆష్‌విట్జ్ నుంచి బతికొచ్చిన ఈవా కోర్ అతనితో చెయ్యి కలిపి, క్షమించానంది. మిగిలిన బాధితులు చాలామంది దాన్ని తప్పుబట్టారు. వాళ్ల మధ్య ఆ తగువు వాళ్లది, ఇటో అటో తేల్చుకునే హక్కు కూడా వాళ్లదే. శ్రీకాకుళంలో కూర్చుని వాళ్ల తరఫున నేను గానీ, ఆ ఉత్తరం రాసిన పెద్దమనిషి గానీ క్షమించేయడానికి లేదు.

మీ పత్రికకు నా మనవి ఒకటే. ఇలాంటి కేసు మళ్లీ వస్తే ముద్దాయి వయసు హెడ్డింగ్‌లో పెట్టి వదిలేయకుండా, ఆ శిబిరంలో ఎంతమంది పోయారో, ఆ మనిషి అక్కడ ఏ పని చేశారో, కేసు ఇన్నేళ్లు ఎందుకు నడవలేదో కూడా నాలుగు లైన్లు వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఉద్యోగి,
శ్రీకాకుళం.